ఆష్‌బర్న్ వంశవృక్ష విధానం

అమెరికాలో, ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటున్న తెలుగువారికి వంశవృక్షం మీద మనసు పుట్టే సందర్భం సాధారణంగా ఒకటే. మూడో తరగతి పిల్ల బడి నుంచి చెట్టు బొమ్మ ఉన్న కాగితం తెస్తుంది. అడుగున తన పేరుకు ఒక గడి, పైన రెండు, ఆ పైన నాలుగు, ఆ పైన ఎనిమిది. నాలుగు గళ్ళ దాకా ఇబ్బంది లేదు. ఎనిమిదికి వచ్చేసరికి తండ్రి చేతిలో పెన్సిల్ ఆగుతుంది. మామ్మకు మామ్మ అనే పేరు కాక ఇంకో పేరు ఉంటుందని ఆయనకు ఆ రాత్రే తడుతుంది.

ఆ కాగితం ఎలాగో సోమవారానికి బడికి వెళ్ళిపోతుంది. తండ్రిగారు మాత్రం అక్కడితో ఆగరు. వారం తిరిగేసరికి వాట్సాప్‌లో 'మన వంశం' అనే గ్రూపు, దానికొక లోగో, లోగోలో ఒక మర్రిచెట్టు వెలుస్తాయి. ఇలాంటి ఉత్సాహవంతుల కోసమే ఈ విధానం. శ్రద్ధగా పాటిస్తే రెండు మూడు వీడియో కాల్స్‌లో వంశవృక్షం పూర్తవుతుంది. చుట్టరికాలు కూడా చాలావరకు అక్కడితో పూర్తవుతాయి.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి గట్టిగా మనసులో నాటుకోవాలి. మనం ఉన్నది ఆష్‌బర్న్. వాక్స్‌పూల్ రోడ్డు వెంట, లౌడన్ కౌంటీ పార్క్‌వే వెంట కిటికీల్లేకుండా నిలబడ్డ ఆ బూడిదరంగు పెట్టెలన్నీ డేటా సెంటర్లే. ఇన్ని డేటా సెంటర్లు ఒక్కచోట గుమిగూడిన ప్రాంతం ప్రపంచంలో మరొకటి లేదు. లోకం మాటలన్నీ మన పెరటి వెనక నుంచి పోతుంటే కాల్‌లో లోపం మన వైపు ఎలా ఉంటుంది? కాబట్టి మాట తెగితే వెంటనే "బాబాయ్, మీ నెట్ బాగాలేదు" అనండి. రూటరేమో మేడ మీద పడగ్గదిలో, మీరేమో బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ పక్కన ఉన్నా సరే, అలాగే అనండి. 2025 అక్టోబరు 20న ఇదే ఉత్తర వర్జీనియాలో ఒక పెద్ద క్లౌడ్ వ్యవస్థ చతికిలబడితే ప్రపంచమంతటా ఎన్నో యాప్‌లు నిలిచిపోయాయి. అలాంటి రోజున కూడా మాట మార్చకండి. "మీ ఊళ్ళో సిగ్నల్ లేదు."

కొందరు భౌతికశాస్త్రం చెబుతారు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుందట. ఇక్కడి నుంచి హైదరాబాదు సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా పోదు, సముద్రాల అడుగున చుట్టు తిరిగి పోతుంది. పైగా మాటను కుదించి, ముక్కలు చేసి, అవతల మళ్ళీ అతికించాలి. అందువల్ల మీ ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి ఎంత లేదన్నా పావు సెకను, ఒక్కోసారి అర సెకను పైనే పడుతుంది. ఆపాటి జాప్యానికే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుందని, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ప్రశ్న అడిగి కాసేపు నోరు మూసుకోవాలని వాళ్ళ వాదన. వినకండి. ఆ అర సెకను మీదే. అవతల మామ్మ నోరు తెరిచేలోగా రెండో ప్రశ్న వేసేయండి. మనవడు మాట్లాడుతున్నాడు కదా అని మర్యాదగా ఆగిపోతుంది. ఆగిందంటే తెలియదన్నమాటే. 'వివరాలు లేవు' అని రాసుకుని ముందుకు సాగండి.

ముహూర్తం

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టండి. ఆ వేళకు మీ పిల్లలు కూచిపూడి క్లాసులోనో సాకర్ మైదానంలోనో ఉంటారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఎండాకాలంలో అయితే అది అక్కడ ఆదివారం అర్ధరాత్రి పన్నెండున్నర. పెద్దవాళ్ళకు ఎలాగూ నిద్ర పట్టదు. పైగా అర్ధరాత్రి అమెరికా నుంచి ఫోన్ మోగితే ఎవరికేమైందోనని ఇల్లంతా గుండె చేత్తో పట్టుకుని లేచి కూర్చుంటుంది. ఇంత హాజరు ఇంకే ముహూర్తానికీ దొరకదు. మనకు శనివారం రాత్రి తొమ్మిది అయితే వాళ్ళకు ఆదివారం ఉదయం ఆరున్నర, కాఫీ తాగి అరుగు మీద తీరిగ్గా కూర్చునే వేళ, కబుర్లు వాటంతట అవే వస్తాయి అని మీ ఆవిడ అనవచ్చు. తొమ్మిదింటికి మనం సినిమా చూస్తాం. అది కుదరదు.

గడియారాల సంగతి ముందుగా చెప్పకండి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం ముందుకు తిప్పుతారు. తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నర అవుతుంది, మళ్ళీ తొమ్మిదిన్నర అవుతుంది. నవంబరులో చెప్పకుండా ఉంటే పెద్దనాన్న ఉతికిన పంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, గంట ముందే ఫోన్ ఎదురుగా కూర్చుంటారు. మార్చిలో గంట ఆలస్యంగా వస్తారు. అప్పుడు "మీకు సమయపాలన లేదు పెద్దనాన్నా" అనే అవకాశం మీకు దొరుకుతుంది.

పీఠం

ఎక్కువమంది ఉంటేనే నిండుదనం. వాట్సాప్ 32 మందిని ఒకేసారి రానిస్తుంది కదా, అందరినీ లాగండి. తాతయ్య తమ్ముడి చివరి అల్లుడి దాకా పిలవండి. ఒక్కొక్కరి ముఖం ఇంగువ పలుకంత కనిపిస్తుంది, ఎవరు ఎవరో పోల్చుకోవడంలోనే బంధుత్వం బలపడుతుంది. ఇద్దరు ముగ్గురితో వేరువేరుగా మాట్లాడితే వాళ్ళు నోరు విప్పుతారు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా ఉన్నప్పుడు చెప్పనివి కూడా చెబుతారు. అంత సమాచారం మనకెందుకు?

జూమ్ వాడేవారికి ఉచితంగా దొరికేది నలభై నిమిషాలు. దాన్ని ఇలా పంచుకోండి. మొదటి పది నిమిషాలు "వినపడుతోందా", "మ్యూట్ తీయండి", "అత్తయ్యా, మీరు కాదు, పక్కవాళ్ళు". తర్వాత పదిహేను మీ స్లైడ్లు: ప్రాజెక్టు లక్ష్యాలు, ఫేజ్ వన్, ఫేజ్ టూ, మర్రిచెట్టు లోగో వెనక ఉన్న ఆలోచన. చివర అయిదు వందన సమర్పణ. మిగిలిన పది నిమిషాల్లో నాలుగు తరాల చరిత్ర సేకరించండి.

మామ్మ ఫోన్‌లో ఆమె నుదురు, దాని మీద సీలింగ్ ఫ్యాను మాత్రమే కనిపిస్తాయి. ఫోన్‌ను స్టీలు డబ్బాకో మంచినీళ్ళ చెంబుకో ఆనించి పెట్టమని పక్కనున్న పిల్లాడికి ఒక్క మాట చెబితే ఆమె చేతులు రెండూ ఖాళీ అవుతాయి. చేతులు ఖాళీ అయితే ఆమె చేతులు తిప్పుతూ మాట్లాడుతుంది. మాట్లాడటం మొదలుపెడితే ఆపదు. కాబట్టి చేత్తోనే పట్టుకోమనండి. అయిదు నిమిషాలకు చెయ్యి నొప్పి పుట్టి తనే "ఉంటానురా" అంటుంది.

పాత ఫోటో చూపించి గుర్తుపట్టమనడం చాలామంది చేసే పని. మీరు ఇంకాస్త మెరుగ్గా చేయండి. తాతయ్యకు ఉన్న ఒకే ఒక్క ఫోటోను, రేషన్ కార్డు కోసం తీయించుకున్నదాన్ని, ఏఐకి ఇచ్చి రంగులు వేయించండి. గీతలు పోతాయి, చర్మం నిగనిగలాడుతుంది, కోటు కూడా వస్తుంది. దాన్ని స్క్రీన్ మీద పెట్టగానే మామ్మ "ఎవరు బాబూ ఈయన?" అంటుంది. "మీ ఆయనే మామ్మా" అని నచ్చజెప్పండి. ఆయనతో యాభై ఏళ్ళు కాపురం చేసిన మాట నిజమే కానీ, ఆమె ఏనాడూ ఇంత రిజల్యూషన్‌లో చూసి ఉండదు.

ఎవరిని అడగాలి, ఎవరిని అడగకూడదు

మగవాళ్ళను అడగండి. అందులోనూ మన ఇంటిపేరు ఉన్నవాళ్ళనే. ఆడవాళ్ళు పుట్టింటి ఇంటిపేరుతో వచ్చి, అత్తింటి ఇంటిపేరుతో ఉండి, ఇద్దరి సంగతులూ కలగాపులగం చేస్తారు. మేనత్తను అడిగారనుకోండి, ఆమె తన అమ్మమ్మగారి ఊరి నుంచి మొదలుపెట్టి, ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి వెళ్ళింది, ఎవరు పురిటిలో పోయారు, ఎవరిని దత్తత ఇచ్చారు, ఏ పెళ్ళిలో ఎవరు ఎవరితో మాటలు మానేశారు, అన్నీ చెబుతుంది. నాలుగు ఊళ్ళు, ఏడు ఇంటిపేర్లు ఒక్క గుక్కలో వస్తాయి. మన స్ప్రెడ్‌షీట్‌లో ఇంటిపేరుకు ఒకటే కాలమ్ ఉంది. అందులో ఇవి పట్టవు.

బ్రాహ్మణ కుటుంబాల్లోనూ, తద్దినాలు పెట్టే ఇతర ఇళ్ళలోనూ ఇంకో చిక్కు ఉంది. తద్దినం నాడు బ్రహ్మగారు పలికించే పేర్లలో తండ్రి, తాత, ముత్తాత వసు రుద్ర ఆదిత్య రూపాలుగా వస్తారు. వాళ్ళ పక్కనే తల్లి, నాయనమ్మ, నాయనమ్మ అత్తగారు కూడా పేర్లతో, గోత్రంతో వస్తారు. తర్పణాల్లో అమ్మ తరఫు తాతలూ ఉంటారు. మహాలయ పక్షంలోనైతే పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, గురువు, స్నేహితుల దాకా జాబితా సాగుతుంది. ఈ పేర్లన్నీ రాసిన కాగితం చాలా ఇళ్ళలో బీరువా తలుపు లోపలి వైపు అతికించి ఉంటుంది. ఏటా వాడుతున్నది కాబట్టి తప్పులు తక్కువ. అయితే దాని మీద పసుపు మరకలు ఉంటాయి, స్కానింగ్‌కు బాగుండదు. దాని ఊసెత్తకండి. అందులో ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయన్న సంగతి కూడా బయటికి పొక్కనీయకండి. 'ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి చెట్టులో లేవు' అని ముందుమాటలో మీరు ఇప్పటికే రాసేశారు కదా.

తారీఖులు

పుట్టినరోజు అడిగితే పెద్దవాళ్ళు తేదీ చెప్పరు, వాతావరణం చెబుతారు. "మీ చిన్నత్త ఉప్పెన వచ్చిన ఏడాదే. దీపావళికి నాకు ఏడో నెల. పండగ వెళ్ళిన వారానికి గాలి లేచింది. గోడ పడుతుందేమోనని నన్ను బడిలోకి చేర్చారు, బల్ల మీద కూర్చోబెట్టి ఎవరో జీడిపప్పు పెట్టారు" అంటుంది మామ్మ. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. దీపావళి అదే నెల రెండో వారం. అప్పటికి ఏడో నెల అంటే చిన్నత్త పుట్టింది 1978 జనవరి ప్రాంతంలో అని ఎవరైనా లెక్క కట్టవచ్చు. గోదావరి వరదంటే 1986 ఆగస్టు. గోదావరి పుష్కరాలంటే 1991, 2003, 2015. ఇలాంటి మేకులు నాలుగు గోడకు కొట్టుకుంటే ఊళ్ళో సగం మంది పుట్టిన ఏళ్ళు వాటికి తగిలించవచ్చని అనుభవజ్ఞులు అంటారు. మనకు కావలసింది తారీఖు, నెల, సంవత్సరం. ఉప్పెన, బల్ల, జీడిపప్పు ఏ గడిలో రాస్తాం? "మామ్మా, డేట్ చెప్పు చాలు" అని మధ్యలో ఆపేయండి.

డేట్ రాకపోతే బడి సర్టిఫికెట్ అడగండి. అందులో జూలై 1 అని ఉంటుంది. పిల్లాణ్ణి బళ్ళో వేసిన రోజున మేష్టారు చేతి వాటంగా ఏ తేదీ వేశారో అదే జన్మదినం. మన పెద్దల పాస్‌పోర్టులు వరసగా పెట్టి చూస్తే ఆంధ్రదేశంలో ప్రసవాలన్నీ ఎండాకాలం సెలవులు అయ్యాకే జరిగేవని తేలుతుంది. ఇదొక ముఖ్యమైన పరిశోధన ఫలితం, మీ స్లైడ్లలో చేర్చండి.

జాతకం దొరికితే ఇంకా సులువు. 'ప్రభవ నామ సంవత్సరం' అని ఉంటుంది. ఈ పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. ప్రభవ 1867లోనూ వచ్చింది, 1927లోనూ వచ్చింది, 1987లోనూ వచ్చింది. పాతదనానికి గౌరవం ఎక్కువ కాబట్టి 1867 వేయండి. అప్పుడు తాతయ్య తన తండ్రి కన్నా ముందు పుట్టినట్టు వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎర్రగీత గీస్తుంది. ఆ ఎర్రగీతలు ఆపేసే సెట్టింగు ఒకటి ఉంటుంది, వెతకండి.

చెట్టు గీయడం

ఇక్కడే మన పిల్లలు బడిలో తలవంచుకోవలసి వస్తుందని కొందరు భయపడతారు. అమెరికా టీచరు ఇచ్చిన కాగితంలో ఎనిమిది గళ్ళు ఉంటే, మేనరికం చేసుకున్న ఇంటి పిల్లకు ఆరుగురే వస్తారు. మేనత్త కొడుకును చేసుకుంటే ఒక జంట రెండు కొమ్మల మీదా కూర్చుంటుంది. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో మరీ విడ్డూరం: నాన్న అమ్మానాన్నలే అమ్మకు అమ్మమ్మా తాతయ్యలు, అంటే ఒకే మనిషి తాతల వరసలోనూ ముత్తాతల వరసలోనూ ఉంటాడు. చెట్టు కాస్తా అల్లికలా తయారవుతుంది. నిజానికి వంశ శాస్త్రంలో ఇది ప్రపంచమంతా ఉన్న సంగతే, యూరపు రాజుల చెట్లన్నీ ఇలాంటివే. జన్యు పరిశోధకులకు కూడా ఈ దగ్గరి పెళ్ళిళ్ళ లెక్క కావాలి. కొన్ని వైశ్య కుటుంబాల్లో ఆపరేషన్ ముందు ఇచ్చే, కండరాలను సడలించే ఒక రకం మందు ప్రభావం మామూలు కన్నా చాలాసేపు నిలిచిపోవడం వెనక తరతరాలుగా వస్తున్న ఒక జన్యు లోపం ఉందని తేల్చినవాళ్ళు అలాంటివాళ్ళే. డీఎన్ఏ పరీక్షలో వచ్చే 'మూడో కజిన్లు' మనవాళ్ళలో అసలు చుట్టరికం కన్నా దగ్గరగా కనిపించేదీ ఇందుకే. కానీ పోస్టర్ మీద చూడటానికి బాగుండాలి కదా. అదే తాతయ్యను రెండుసార్లు వేయండి. రెండోసారి పేరు స్పెల్లింగ్ కొంచెం మార్చండి, ఎవరికీ అనుమానం రాదు.

పాత కాగితాల జోలికి పోవద్దు

కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రెండు వందల ఏళ్ళ కిందట ఊరూరా తిరిగారు. కరణాల ముందు కూర్చుని వాళ్ళ ఊరి లెక్కల కవిలెలు చదివించుకుని, కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించుకున్నారు. ప్రశ్న అడిగి, జవాబు అయ్యేదాకా వినడం వాళ్ళ పద్ధతి. పాపం, స్క్రీన్ షేర్ లేని రోజులు.

ఇప్పుడు కరణాలు లేరు, ఆ వ్యవస్థను 1984లో రద్దు చేశారు. భూమి కాగితాలు మాత్రం మిగిలాయి. కోస్తా, సీమ జిల్లాల్లో డైగ్లాట్ రిజిస్టర్, ఇనాం భూములుంటే 1858లో వేసిన ఇనాం కమిషన్ తయారుచేయించిన ఫెయిర్ రిజిస్టర్, తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. పట్టాదారు పేరు, తండ్రి పేరు వాటిలో దొరుకుతాయి. ఇనాం రిజిస్టర్లో అయితే ఇనాం మొదట ఎవరికి ఇచ్చారు, అది ఎవరి చేతుల మీదుగా వచ్చింది అనేది కూడా రాసి ఉంటుంది. ఊళ్ళో ఉన్న బాబాయి ఒక పూట రికార్డు ఆఫీసుకు వెళ్ళి, ఏ పేజీ దగ్గర అనుమానం వస్తే అక్కడి నుంచే వీడియో కాల్ చేస్తే, ఆష్‌బర్న్‌లో కూర్చుని ఇద్దరూ కలిసి చదవవచ్చు. వీడియో కాల్‌కు ఇంతకన్నా మంచి ఉపయోగం లేదని కొందరంటారు. అవన్నీ గొలుసుకట్టు రాత. మనకు అచ్చక్షరాలే అలవాటు. వద్దులెండి.

గయలో, కాశీలో, హరిద్వార్‌లో తీర్థపురోహితులైన పండాల బహీలు, అంటే పేర్ల పుస్తకాలు, ఉంటాయి. యాత్రకు వచ్చిన పూర్వీకులు ఊరు, పేరు, కొడుకుల పేర్లు చెప్పి సంతకాలు పెట్టి వెళ్ళేవారు. హరిద్వార్ బహీలకు యూటా వంశావళి సంఘం వారు 1970ల చివర నుంచే మైక్రోఫిల్మ్ తీశారు. పనికొచ్చే విషయమే. అయితే అందులో మీ ముత్తాత సంతకం దొరికితే వేలిముద్ర అని తేలవచ్చు. మీరేమో ఆయన సంస్థానంలో దివాను అని గ్రూపులో ఇప్పటికే పెట్టారు.

ఇక నోటి లెక్క. రెడ్డి, కాపు, వెలమ ఇళ్ళకు పిచ్చిగుంట్లవాళ్ళు, అంటే ఇప్పుడు వంశరాజులని పిలిపించుకునేవాళ్ళు, పంటల కాలంలో వచ్చి గోత్రాలు, వంశం చెప్పి ధాన్యం పుచ్చుకునేవారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు. ఏ కులానికి ఆ కులం కథ చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మనవళ్ళ చేతుల్లో కూడా స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి, ఏ మేనమామ ద్వారానో నంబరు సంపాదించి అలాంటి పెద్దాయన ఒకాయనను కాల్‌లోకి తెచ్చారే అనుకుందాం. ఆయన కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, మొదటి పురుషుడి నుంచి ఎత్తుకుంటాడు. ఎవరికి ఎందరు కొడుకులు, ఎవరు ఏ ఊరు వలస పోయారు, ఏ బావి ఎవరు తవ్వించారు, వరస తప్పకుండా వచ్చేస్తుంటుంది. నాలుగో తరం దగ్గర మీరు తప్పక కలగజేసుకోవాలి. "ఒక్క నిమిషం, మీ ఆడియోలో ఎకో వస్తోంది. ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా?" ఆ వరస పాటలాంటిది, మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచే ఎత్తుకోవాలి. ఎత్తుకుంటాడు. ఈసారి అయిదో తరం దగ్గర అడగండి: "స్పెల్లింగ్ చెప్తారా?" మూడోసారికి ఆయనే ఫోన్ పెట్టేస్తాడు. చివర్లో ఫోన్‌పే నంబరు పంపితే నొచ్చుకోండి. వాళ్ళ తాతకు మన తాత గాదెలోంచి కొలిచి పోశాడన్నది వేరే విషయం, అప్పట్లో యాప్ లేదు కదా.

ఆస్తి సంగతి

వంశవృక్షం అన్న మాట ఆష్‌బర్న్‌లో ఒకలా వినిపిస్తుంది, ఊళ్ళో మరోలా. ఊళ్ళో వాళ్ళు దాన్ని చూసింది కోర్టు కాగితాల్లో. భాగపంపకాల దావా వేసేటప్పుడు లాయరు దావాతో పాటు జతపరిచేది అదే. అందుకే మీరు "బాబాయ్, మన వంశవృక్షం గీస్తున్నా" అనగానే అటువైపు రెండు క్షణాలు మాట ఉండదు. ఆ తర్వాత "సరే, ఏ లాయర్ని పెట్టావు?" అని వస్తుంది. ఇది నెట్ జాప్యం కాదు.

ఈ అనుమానాన్ని బలపరచడానికి మార్గాలున్నాయి. కాల్ మొదట్లో చెప్పకుండా రికార్డింగ్ నొక్కండి, 'ఈ సమావేశం రికార్డ్ అవుతోంది' అని యంత్రం ఇంగ్లీషులో ప్రకటించాక "అబ్బే, ఊరికే" అనండి. ఒక్కొక్కరి పేరు పక్కన సర్వే నంబరు అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, చెట్టులో ఆడపిల్లల గళ్ళు ఖాళీగా వదిలేసి గ్రూపులో పెట్టండి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో వచ్చింది. మేనత్తలందరికీ ఆ సంగతి తెలుసు, వాళ్ళ అల్లుళ్ళకు ఇంకా బాగా తెలుసు. మీరు గడి ఖాళీగా ఉంచింది సాఫ్ట్‌వేర్ రాక అని వాళ్ళు నమ్మరు. పెద్ద మేనత్త ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోతుంది. ఆమె తెలిసిన ఏడు ఇంటిపేర్లూ ఆమెతోనే పోతాయి. గ్రూపు చిన్నదయితే నిర్వహణ తేలిక.

తోటి పరిశోధకులు

కొన్నాళ్ళకు మీలాంటివారే డల్లాస్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి, రాజమండ్రి నుంచి తగులుతారు. శనివారం శనివారం కాల్ పెట్టుకుంటారు. ఈ సభలో ఎదుటివాళ్ళు చెప్పేది మీ వంతు రావడానికి ముందు జరిగే ఆలస్యంగా భావించండి. మీ ఇంటిపేరు ఎవరికి ఉన్నా చుట్టమే అని ప్రకటించండి. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లు. ఒక ఊరి నుంచి బయల్దేరిన బ్రాహ్మడు, కంసాలి, కాపు, మాల అందరూ అదే ఇంటిపేరుతో కొత్త ఊళ్ళో దిగారు. దాన్నిబట్టి ఊరి చరిత్ర కలిసి రాయవచ్చు, కరువుకు వెళ్ళారా, కాలవ తవ్వితే వచ్చారా అని ఆరా తీయవచ్చు. మీరలా చేయకండి. ఎదుటివాళ్ళ కులం వేరని తెలియగానే మీ వీడియో ఆపేసి, "సారీ, ఇంకో కాల్ ఉంది" అనండి. ఆష్‌బర్న్‌లో ఇది ఎవరూ తప్పుపట్టరు, అందరికీ ఎప్పుడూ ఇంకో కాల్ ఉంటుంది.

ఎప్పుడైనా డర్బన్ నుంచి ఒకావిడ చేరవచ్చు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ ఉన్న నాటాల్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నరకు పైగా మనుషులు గిర్మిటీ ఒప్పందం మీద అక్కడి చెరకు తోటలకు వెళ్ళారు, వారిలో తెలుగువాళ్ళు ఎందరో. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. రాసినవాడు గుమాస్తా, చెప్పినవాడు విశాఖ జిల్లా రైతుకూలీ, కాబట్టి ఊరి పేరు ఇంగ్లీషులో గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ఆవిడ దగ్గర కాగితం ఉంది, ఊరు లేదు. రాజమండ్రి పెద్దాయన దగ్గర ఊళ్ళున్నాయి, సముద్రం దాటి తిరిగిరాని చిన్నాన్న కథ కూడా ఉంది, కాగితం లేదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆ పేరును ఆవిడ చేత నాలుగు రకాలుగా పలికిస్తే, పెద్దాయన ఏ మండలమో చెప్పగలడేమో. మీ పని ఆవిడ తెలుగు ఉచ్చారణ సరిదిద్దడం. 'ళ' పలకడం నేర్పండి. నలభై నిమిషాలు అయిపోతాయి.

ఉద్యాపన

మూడో కాల్‌తో వ్రతం సమాప్తి. చెట్టును పెద్ద ఫ్లెక్సీగా కొట్టించి బేస్‌మెంట్ గోడకు తగిలించండి. పైన కృష్ణదేవరాయలో కాకతి రుద్రమో ఎవరో ఒకరు ఉండాలి, వాళ్ళకీ మీ ముత్తాతకీ మధ్య చుక్కల గీత పెట్టండి. పెరుగన్నం తినడానికి వచ్చిన స్నేహితులకు లేజర్ పాయింటర్‌తో చూపించండి. తర్వాత ఊరి నుంచి ఎవరైనా పేర్లు, సవరణలు పంపితే 'వెర్షన్ టూలో చూద్దాం' అని ఒక బొటనవేలు పెట్టండి చాలు.

ఒక జాగ్రత్త మాత్రం మిగిలింది. కాల్ అయిన నాలుగు రోజులకు, ఏ మంగళవారం మధ్యాహ్నమో, మామ్మ నుంచి వాయిస్ మెసేజ్ వస్తుంది. ఆరు నిమిషాలు ఉంటుంది. మనవరాలి చేత నొక్కించుకుని ఉంటుంది కాబట్టి మొదట్లో "మాట్లాడనా? ఇప్పుడా?" అని వినిపిస్తుంది. ఆ రోజు అడిగినప్పుడు నోటికి రాని వాళ్ళ అత్తగారి పేరు, నిద్రలేచాక గుర్తొచ్చిందట. ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా చెబుతుంది. అప్పటికి ఫ్లెక్సీ ప్రింటుకు వెళ్ళిపోయి ఉంటుంది. వినాలంటే రెండింతల వేగం మీద పెట్టుకోండి. లేదా ఫోన్‌లో జాగా చాలడం లేదని వచ్చినప్పుడు, గులాబీల శుభోదయాలతో కలిపి ఒకేసారి తుడిచేయవచ్చు.